‘ముందుకి జరిపాం బావగారూ!’ – టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథసూరిది మన మెదక్ దగ్గరి కొల్చారం. ఆ మహానుభావుడు తనకు తాను రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. మూలంలో లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు. ఆయన అడుగుజాడల్లో నడవాలని ఈ టీకాకారుడికీ ఆశే. మొదటి కట్టుబాటు శాయశక్తులా పాటిస్తాం. రెండోది పాటిస్తే ఈ టీక ఇక్కడితో ఆగిపోతుంది కనక దాన్ని మల్లినాథుడికే వదిలేస్తున్నాం.

వ్యాఖ్యానించబోయే గ్రంథం చిన్నది. వాట్సాప్‌లో వచ్చిన ఒక వాయిస్ మెసేజ్. నిడివి అరనిమిషం లోపు, అందులో కొంత భాగం దగ్గు, కొంత భాగం కుక్కర్ కూత. కర్త పెళ్ళికొడుకు తండ్రి, కూకట్‌పల్లి నివాసి. శ్రోత పెళ్ళికూతురి తండ్రి, తణుకు నివాసి. అంతకుముందు శనివారం ఉభయులూ ఎదురెదురుగా కూర్చుని, కాఫీలు తాగి, నిశ్చయ తాంబూలాలు ‘వచ్చే ఆదివారం’ అని ఖాయం చేసుకున్నారు. బుధవారం సాయంత్రానికి ఈ రచన వెలువడింది.

ఈ జాతి రచనలు మన భాషలో కోకొల్లలు. ‘ఓ అరగంట అటూ ఇటూగా వస్తాం’, ‘ఈ వారం కాక పై వారం పెట్టుకుందాం’, ‘నాలుగు రోజులాగి మాట్లాడదాం’ వంటివి ఖండకావ్యాలు. ‘చూద్దాం’ అనేది ఏకపద కావ్యం. ఇంత సాహిత్యం ఉండి కూడా ఒక్కదానికీ సరైన టీక లేదు. వినేవాడు తనకు తోచిన అర్థం చెప్పుకుని రైలెక్కేస్తున్నాడు. ఆ కొరత తీర్చడానికే ఈ పూనిక.

మూలం

“బావగారూ, నమస్కారమండీ. ఏం లేదు, మన తాంబూలాల ఫంక్షను ఓ రెండ్రోజులు ముందుకి జరిపామండి. వచ్చే ఆదివారం అనుకున్నాం కదా, అది కాస్త అటూ ఇటూ అయ్యేలా ఉంది. మావాడికి ఆఫీసులో ఏదో పనిట. రేపో ఎల్లుండో మళ్ళీ ఫోన్ చేస్తాను. మీరేం అనుకోకండి. ఉంటానండి.”

ప్రతిపదార్థం

బావగారూ = ఓ వియ్యంకుడా (కాబోవువాడా అని భావము);
ఏం లేదు = ఒక సంగతి యున్నది;
మన = మీ యింట, మీ ఖర్చుతో జరుగు;
తాంబూలాల ఫంక్షను = నిశ్చయ తాంబూలములు పుచ్చుకొను వేడుకను;
ఓ రెండ్రోజులు = రెండు కాని కొన్ని దినములు;
ముందుకి = ముందునకు గాని, వెనుకకు గాని (చర్చ దిగువ చూడుడు);
జరిపామండి = మేము జరిపితిమి, ఇక మీరు జరుగుడు;
వచ్చే ఆదివారం = రాబోవు ఆదివారములు పెక్కు గలవు గాన వానిలో నొకటి;
అనుకున్నాం కదా = మనమిద్దరమును వేర్వేరుగా అనుకొంటిమి గదా;
కాస్త = చాల;
అటూ ఇటూ అయ్యేలా ఉంది = అయిపోయినది;
మావాడికి = నా కుమారునకు (నాకు గాదని ధ్వని);
ఏదో పనిట = ఏ పనియో నేనడుగలేదు, మీరును అడుగవలదు;
రేపో ఎల్లుండో = ఈ జన్మమందే;
మళ్ళీ ఫోన్ చేస్తాను = మీరే చేయుడు;
మీరేం అనుకోకండి = అనుకొనుడు, పైకి మాత్రము అనకుడు;
ఉంటానండి = పోవుచున్నాను.

తాత్పర్యం

బావగారూ, కార్యక్రమం మారింది. ఎప్పటికి మారిందో మీరే తేల్చుకోండి. తప్పెవరిదైనా నాది మాత్రం కాదు.

విశేషాలు

1. ‘ముందుకి’: దిక్కు నిర్ణయం

ఈ గ్రంథానికి గుండెకాయ ఈ మాటే. దీని మీద పండితులు రెండు పక్షాలుగా చీలారు.

మొదటి పక్షం వారి వాదం ఇది. రెండ్రోజులు ముందుకి జరగడమంటే ఆదివారం పోయి శుక్రవారం రావడం. భోజనానికి ముందు వేసుకునే మాత్ర, పరీక్షకు ముందు పెట్టే దణ్ణం, పెళ్ళికి ముందు పుచ్చుకునే తాంబూలాలు, ఇవన్నీ ఇవతలివే. ప్రమాణం కావాలంటే లోకోక్తి ఉంది: ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. చెవులు పుట్టుకతో వచ్చాయి, కొమ్ములు తర్వాత మొలిచాయి. కాబట్టి ముందంటే పూర్వం, వెనకంటే తర్వాత. శుక్రవారమే.

రెండో పక్షం వారు ఊరుకోలేదు. ముందుంది ముసళ్ళ పండగ అన్నదీ లోకోక్తే కదా, ఆ పండగ అయిపోయిందా, రాబోతోందా? ముందు ముందు ఏమవుతుందో అని బెంగపడేది దేని గురించి? ‘వెనకటికి ఒకడు’ అని కథ మొదలుపెట్టామంటే ఆ ఒకడు కాలం చేసి ఎన్నాళ్ళయిందో! కాబట్టి ముందంటే రాబోయేది, వెనకంటే గడిచిపోయింది. ఆదివారం నుంచి ముందుకి జరిగితే తగిలేది మంగళవారమే.

రెండు లోకోక్తులూ ప్రమాణాలే. రెండూ ఒకే మనిషి నోట, ఒకే పూట వస్తాయి. శ్రోత పరిస్థితికి మూడో లోకోక్తి ఉంది: ముందు నుయ్యి, వెనక గొయ్యి. అక్కడ మాత్రం ఎటు పోయినా ఫలితం ఒకటే కాబట్టి అర్థంలో సందేహం లేదు.

ఈ చిక్కుకు మూలం, కదిలేది ఎవరన్న ప్రశ్నలో ఉంది. మనం అరుగు మీద కూర్చుని ఉంటే రోజులు ఊరేగింపులా మన వైపు వస్తున్నాయనుకోండి. ఊరేగింపులో ముందుకి జరిగినవాడు మనకు దగ్గరవుతాడు, అంటే శుక్రవారం. మనమే ఊరేగింపులో నడుస్తున్నామనుకోండి. ముందుకి జరిపినది మనకు దూరమవుతుంది, అంటే మంగళవారం. కాలం కదులుతోందా, మనం కదులుతున్నామా అన్నది వేదాంతుల ప్రశ్న అనుకుంటాం. తణుకులో వంటవాళ్ళను మాట్లాడుకునేవాడికి కూడా అది తేలాలి.

ఇంగ్లీషు వాళ్ళకూ ఇదే తగులాట. లెరా బొరొడిట్‌స్కీ, మైకేల్ రామ్‌స్కర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో అచ్చయిన పరిశోధనలో జనాన్ని ఒక ప్రశ్న అడిగారు. వచ్చే బుధవారం మీటింగును రెండ్రోజులు ముందుకి జరిపారు, ఇప్పుడది ఏ రోజు? కొందరు సోమవారమన్నారు, కొందరు శుక్రవారమన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో అడిగినప్పుడు, ఎవరినో తీసుకెళ్ళడానికి వచ్చి నిలబడ్డవాళ్ళ కన్నా అప్పుడే విమానం దిగినవాళ్ళు ఎక్కువగా శుక్రవారం వైపు మొగ్గారు. ప్రయాణం చేసొచ్చిన ఒంటికి తానే కాలంలో ముందుకు పోతున్నట్టు ఉంటుంది కాబోలు. ఈ న్యాయాన్ని మన మూలానికి అన్వయిద్దాం. వక్త మెట్రో దిగి ఇంటికొచ్చి చెప్పాడు కనక ఆయన మనసులో మంగళవారం. శ్రోత తణుకులో పడక్కుర్చీలో కూర్చుని విన్నాడు కనక ఆయన మనసులో శుక్రవారం. ఇద్దరూ సత్యసంధులే.

దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాల మీద ఐమారా భాష మాట్లాడేవాళ్ళు గతాన్ని కళ్ళెదుట, భవిష్యత్తును వీపు వెనక పెట్టుకున్నారని నూన్యెస్, స్వీట్సర్ అనే పరిశోధకులు 2006లో రాశారు. చూసేసింది ఎదురుగా ఉంటుంది, చూడనిది వెనక ఉంటుందని వాళ్ళ లెక్క. వాళ్ళు ఒక పక్షం తేల్చుకుని కూర్చున్నారు. మనం దేన్నీ పారేసే అలవాటు లేనివాళ్ళం కనక రెండూ అటక మీద ఉంచుకున్నాం.

ఈ తగులాట తెంచడానికే మన దేశపు ఇంగ్లీషు ‘ప్రీపోన్’ను వాడుకలోకి తెచ్చింది. పోస్ట్‌పోన్ అయితే తర్వాత, ప్రీపోన్ అయితే ముందుగా. దొరలు ఆ మాట విని నవ్వుతారు. బుధవారం మీటింగు సోమవారానికి వచ్చిందో శుక్రవారానికి పోయిందో మాత్రం వాళ్ళకు తెలియదు. మన వక్త ‘ప్రీపోన్ చేశామండి’ అని ఉంటే ఈ టీకకు పనే ఉండేది కాదు. వాఙ్మయానికి ఆ నష్టం తప్పింది.

2. ‘జరిపాం’: శ్లేషాలంకారం

జరగడమంటే కదలడం, జరగడమంటే సంభవించడం. కుర్చీ జరుగుతుంది, పెళ్ళీ జరుగుతుంది. కాబట్టి ‘రెండ్రోజులు ముందు జరిపాం’ అని సగం చెవితో వింటే, రెండ్రోజుల కిందటే వేడుక చేసేశామని అర్థం వస్తుంది. పెళ్ళికూతురి మేనత్త ఒకావిడ ఈ మూడో అర్థమే గ్రహించింది. తనను పిలవకుండా తాంబూలాలు కానిచ్చేశారని ఆ రాత్రి అన్నం మానేసింది. ఒక్క క్రియతో భూత, భవిష్యత్, వర్తమానాల్లో మూడు ఇళ్ళకు అలక తెప్పించిన కవి ప్రతిభ గమనించదగ్గది.

3. ‘వచ్చే ఆదివారం’: ఏది?

శనివారం నాడు వచ్చే ఆదివారం అన్నారంటే అది మర్నాడు కాదు. మర్నాటికి ‘రేపు’ అనే సొంత పేరుంది. కాబట్టి దాని పైది. బుధవారం నాటికి అదే ఆదివారం నాలుగు రోజుల దూరంలోకి వచ్చేసింది. అప్పుడు దాన్ని కొందరు ‘ఈ ఆదివారం’ అంటారు, ‘వచ్చే ఆదివారం’ అంటే ఇంకా పైదాన్ని అంటారు. మాట మారలేదు, మనిషి మారలేదు, మధ్యలో నాలుగు రోజులు గడిచేసరికి ఆదివారం మారిపోయింది. ఆదివారాలు రెండు, ముందుకి అన్నదానికి దిక్కులు రెండు. వెరసి నాలుగు తేదీలు.

ఇక్కడ యోగ్యత అనే న్యాయం వాడి చూద్దాం. వాక్యార్థం లోకంలో కుదిరేదిగా ఉండాలి కదా. మంగళవారం నాడు తాంబూలాలు ఎవరూ పుచ్చుకోరు. కాబట్టి మంగళవారాలు రెండూ కొట్టుబడిపోయాయి, శుక్రవారాలు మిగిలాయి. అమ్మయ్య అనుకునేలోపు తర్వాతి వాక్యం అడ్డొచ్చింది: మావాడికి ఆఫీసులో పనిట. ఆఫీసులో పని ఉన్నవాడు సెలవు రోజైన ఆదివారం మానుకుని ఆఫీసున్న శుక్రవారానికి వస్తాడా? రాడు. కాబట్టి శుక్రవారాలూ పోయాయి. ఉన్న నాలుగు తేదీలూ చెల్లకపోవడం ఈ గ్రంథంలోని చమత్కారం.

ఒకే పేరుతో రెండు వస్తే ఏం చెయ్యాలో మన పంచాంగ కర్తలకు ఏనాడో తెలుసు. 2023లో శ్రావణ మాసం రెండుసార్లు వచ్చింది. మొదటిది అధిక శ్రావణం, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా. ఆ పైది నిజ శ్రావణం. శుభకార్యాలన్నీ నిజంలోనే. పేరుకి ముందు ఓ చిన్న మాట తగిలిస్తే పెళ్ళిళ్ళు తారుమారు కాకుండా గట్టెక్కాయి. ఆదివారాలకూ ఈ పద్ధతే మేలు. మొదట వచ్చేది అధిక ఆదివారం, దాని పైది నిజ ఆదివారం. “బావగారూ, నిజ ఆదివారం నాడు కలుద్దాం” అంటే మర్యాదకు మర్యాద, స్పష్టతకు స్పష్టత.

4. ‘ఓ రెండ్రోజులు’: సంఖ్యా విచారం

అంకె ముందు ‘ఓ’ చేరితే ఆ అంకె అంకె కాకుండా పోతుందని పరిభాష. ‘ఓ రెండు నిమిషాలు’ అంటే స్నానానికి ఇంకా వెళ్ళలేదని. ‘ఓ నాలుగు రోజులాగండి’ అంటే అడగడం మానెయ్యమని. ‘వారం పది రోజుల్లో’ అంటే నెలాఖరు దాటాక. రెండు, నాలుగు, పది అనేవి తెలుగులో అంకెల వేషంలో తిరిగే విశేషణాలు. నిజమైన సంఖ్యలు వేరే ఉన్నాయి. ‘పదిహేడు రోజులాగి రండి’ అని ఎవరైనా అన్నారంటే ఆ మనిషి నిజంగా వేళ్ళు మడిచి లెక్కపెట్టాడని నమ్మవచ్చు.

5. ‘ఏదో పనిట’: వ్యాజోక్తి

ఉన్న కారణాన్ని వేరే సాకుతో కప్పడం వ్యాజోక్తి. చివరి ‘ట’ చూడండి. ఆ ఒక్క అక్షరంతో వక్త సాక్షి స్థానం నుంచి వార్తాహరుడి స్థానానికి దిగిపోయాడు. పని ఉందో లేదో ఆయనకు తెలియదు. ఉందట.

పూర్వులు ఇలాంటి చోట మూఢం అనేవారు. శుక్రుడో గురుడో సూర్యుడి వెలుగులో పడి కనిపించకుండా పోయిన రోజులవి. శుభకార్యాలు చెయ్యరు. సాకుగా వాడుకున్నా దానికో నిజాయితీ ఉండేది. మూఢం ఏ రోజు మొదలై ఏ రోజు విడుస్తుందో పంచాంగంలో అచ్చయి ఉంటుంది. అవతలివాడు విప్పి చూసుకుని “అయితే ఫలానా తేదీ తర్వాత మాట్లాడదాం” అనగలిగేవాడు. ఆషాఢం సాకైనా శ్రావణంతో తీరిపోతుంది. ఆఫీసు పనికి ఏ గ్రహం అధిపతో, అది ఎప్పుడు విడుస్తుందో ఏ సిద్ధాంతిగారూ చెప్పలేరు.

కోర్టులే నయం. వాయిదాలకు పెట్టింది పేరైన చోట కూడా ఒక హద్దు గీశారు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన సవరణ 2002లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం దావా విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదు, ఇచ్చినదానికి కారణం రాతపూర్వకంగా నమోదు చెయ్యాలి. ఆ హద్దు దాటుతున్నారా లేదా అన్నది వేరే సంగతి. వియ్యాలవారికి ఆ మాత్రం ఆర్డరు, రూలు కూడా లేవు.

6. ‘రేపో ఎల్లుండో’: రేపు తత్త్వం

కిరాణా కొట్లో గల్లాపెట్టె పైన ‘ఈ రోజు నగదు, రేపు అరువు’ అని బోర్డు ఉంటుంది. దాన్ని ఏ రోజు చదివినా అది ఈ రోజే. అరువెప్పుడూ రేపే. ఒకప్పుడు తెలుగు ఊళ్ళలో గుమ్మాల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకునేవారు. కన్నడం వారు ‘నాళె బా’ అని రాసుకున్నారు. రాత్రిపూట తలుపు తట్టే దయ్యం అది చదువుకుని, సరే రేపొద్దామని తిరిగిపోయేదట. మర్నాడొచ్చినా అదే రాత. తలుపు తియ్యం అని రాసి ఉంటే దయ్యానికి కోపం వచ్చేదేమో. రేపు రమ్మనడంలో పిలుపూ ఉంది, తిప్పి పంపడమూ ఉంది. దయ్యంతో కూడా మాట పడకుండా బతికిన జాతి వియ్యంకుడితో తెగేసి మాట్లాడుతుందని ఆశించడం అత్యాశ.

హైదరాబాదు దక్కనీ వారు ఇదే కళను గతం వైపు సాధించారు. వారి ‘పర్సోఁ’కు నిఘంటువులో అర్థం మొన్న గాని ఎల్లుండి గాని. మాటలో మాత్రం మొన్న, పోయిన నెల, నాలుగేళ్ళ కిందట, ఏదైనా కావచ్చు. మన ‘మొన్నీమధ్య’ దానికి చెల్లెలు.

7. ‘చేస్తాను’, ‘ఉంటానండి’

చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో భూతం, వర్తమానం, భవిష్యత్తు కాక తద్ధర్మం అని మరొకటి చెప్పాడు. మూడు కాలాలకూ చెందిన స్వభావాన్ని తెలిపేది. నేటి వాడుకలో ‘చేస్తాను’ భవిష్యత్తుకూ తద్ధర్మానికీ ఒకటే. రోజూ వాకింగ్ చేస్తాను, రేపు ఫోన్ చేస్తాను. శ్రోత దీన్ని భవిష్యత్తుగా విన్నాడు. వక్త తద్ధర్మంగా అన్నాడు. ఫోన్ చెయ్యడం తన స్వభావమని చెప్పాడు తప్ప, ఫలానా పూట చేస్తానని మాటివ్వలేదు. వ్యాకరణం ప్రకారం ఆయనను తప్పుపట్టలేం.

వెళ్ళేటప్పుడు ‘వస్తాను’ అనడం, ఫోన్ పెట్టేసేటప్పుడు ‘ఉంటాను’ అనడం మన మర్యాద. పోతున్నానన్న మాట నోట రానివ్వని సంస్కారం నుంచి తేదీ చెప్పమంటే ఎలా?

పాఠాంతరాలు

మూలం ఫ్యామిలీ గ్రూపులో చేతులు మారేసరికి ప్రతులు పెరిగాయి.

కరీంనగర్ ప్రతి: “గీ ఐతారం గాదంట, మల్లచ్చే ఐతారమంట. జర ఆగి టికెట్లు చేస్కోరి.” (దిక్కు స్పష్టం, ఆధారం మృగ్యం.)

రాజమండ్రి ప్రతి: “ఆయ్, ఫంక్షను ఎనక్కెళ్ళిందండి.” (ముందుకి అన్న పాఠాన్ని లేఖకుడు తన తెలివితో సవరించాడు. దాంతో ఎనక్కి అంటే ఎటు అన్న కొత్త చర్చ పుట్టింది.)

డల్లాస్ ప్రతి: “శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకట. మీ టైమా, మా టైమా?” (తణుకులో శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నర అంటే డల్లాస్‌లో ఇంకా గురువారం రాత్రి. ఈ ప్రతిలో వారం కూడా జరిగింది.)

శ్రోతృ ప్రకరణం

సందేశం విన్న వెంటనే శ్రోత ఇచ్చిన జవాబు కూడా భద్రంగా ఉంది: “అలాగేనండి, దానికేముంది.” అలాగే అంటే ఎలాగో ఆయనకూ తెలియదు. ఆ తర్వాత తణుకు ఇంట్లో గోడ క్యాలెండర్ ముందు భార్యాభర్తల మధ్య జరిగిన సంభాషణ ఇది.

“ఏమన్నారు?”

“ముందుకి జరిపారట.”

“అంటే ఎప్పటికి?”

“రెండ్రోజులు.”

“అటా, ఇటా?”

“ముందుకనే అన్నారు.”

“వంటవాళ్ళకి అడ్వాన్సిచ్చింది ఆదివారానికి. శుక్రవారం వాళ్ళు భీమవరంలో ఉంటారు. మంగళవారమైతే నేను ఒప్పుకోను. ఆయన్నే అడగొచ్చుగా?”

“బావుండదు.”

ఆవిడ చేతిలో పెన్ను మూత పెట్టి, క్యాలెండర్ మీద ఏ గడీనీ గీయకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అసలైన టీకాకారిణి ఆవిడే. కావలసిన ప్రశ్నలు రెండే అడిగింది, ఎప్పటికి, అటా ఇటా అని. రెంటికీ మూలంలో జవాబు లేదని తేల్చుకుని గ్రంథం మూసేసింది.

సిద్ధాంతం

ఇదంతా భాష తప్పని కొందరంటారు. ఆ వాదం నిలవదు. కచ్చితంగా చెప్పాలనుకుంటే తెలుగువాడంత కచ్చితంగా చెప్పేవాడు లేడు. పంచాంగమే సాక్షి. ఒక్క రోజుని గుర్తుపట్టడానికి తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం అని అయిదు ఆనవాళ్ళు పెట్టుకున్నాం. ఒకటి తప్పినా మిగతావి పట్టిస్తాయి. కాలాన్ని ఇరవై నాలుగేసి నిమిషాల గడియలుగా కోసి, అందులో నాలుగు గడియల వర్జ్యాన్ని ఏరి పక్కన పెట్టాం.

పెళ్ళి శుభలేఖ చూడండి. ‘శనివారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం’ అని ఉంటుంది. పంచాంగానికి రోజు సూర్యోదయంతో మారుతుంది, గడియారానికి అర్ధరాత్రితో మారుతుంది. చుట్టాలు ఒక రోజు తేడాతో దిగకుండా ఆ ‘తెల్లవారితే’ అన్న మాట కాపాడుతుంది. మూలంలోనే టీక ఇమిడిపోయిన వాక్యం అది. రాత్రి 12 గంటల 10 నిమిషాల రైలుకి శనివారం తేదీతో టికెట్టు తీసి, బండి నిన్ననే వెళ్ళిపోయిందని ప్లాట్‌ఫారం మీద తెలుసుకున్నవాళ్ళకు ఆ మాట విలువ తెలుస్తుంది.

పూజలో కూర్చుంటే సంకల్పం చెప్పుకుంటాం. ఏ ద్వీపంలో, ఏ నదుల నడుమ, ఏ సంవత్సరంలో, ఏ అయనంలో, ఏ ఋతువు, ఏ మాసం, ఏ పక్షం, ఏ తిథి, ఏ వారమో వరసగా విన్నవించి గాని అక్షింత వదలం. అన్నీ తెలిసిన దేవుడికి ఇంత వివరంగా తేదీ చెబుతాం. ఏమీ తెలియని బావగారికి మాత్రం ఓ రెండ్రోజులు ముందుకి అంటాం.

ఎందుకంటే, సంకల్పం చెప్పేటప్పటికి పీట వేసి ఉంది, దీపం వెలుగుతోంది, కొబ్బరికాయ చేతిలో ఉంది. పని నిజంగా మొదలవుతోంది కనక తేదీ కూడా నిజంగా ఉంది. కూకట్‌పల్లిలో అలా లేదు. ఆ ఇంట్లో ఎవరూ ఇంకా ఏ రోజూ అనుకోలేదు. కొడుకు ఊ అనలేదు, తల్లి సరే అనలేదు, అన్నగారి వీలు కనుక్కోలేదు. ఆదివారం కాదని మాత్రమే తేలింది. ‘మాకింకా తేలలేదండి’ అని రెండు మాటల్లో చెబితే పరువు తక్కువ అనిపించింది, ఏడు వాక్యాల్లో చెబితే మర్యాదగా కుదిరింది. అవతల తణుకులో ఆయన ‘బావుండదు’ అని అడగకుండా ఊరుకుని ఆ మర్యాదలో తన వంతు తాను పోశాడు. కాబట్టి శుక్రవారమా మంగళవారమా అని రెండు పక్షాల పండితులూ పడిన ప్రయాస అంతా లేని తేదీకి దిక్కు వెతకడమే. ముందుకి అన్న మాట ఎటూ చూపించదు, చూపించకుండా ఉండడానికే వాడారు. ఇది సిద్ధాంతం.

ఫలశ్రుతి

ఇలాంటి సందేశాల బారిన పడినవారు జపించడానికి ఒక పంచాక్షరి ఉంది. తే-దీ-ఎం-తం-డి. అవతలివాడు ‘ఏం లేదు’ అన్నాక, ‘ఉంటానండి’ అనక ముందు జపించాలి. ఎడమ చేత ఫోను, కుడి చేత పెన్ను, ఎదుట క్యాలెండర్ ఉండాలి. గొంతులో కోపం గాని, నవ్వు గాని ధ్వనించరాదు. ఎండాకాలం ఎలా ఉందండీ అన్నంత తేలిగ్గా పలకాలి.

దీనికి ఫలితాలు రెండు విధాలు. “శుక్రవారమండి, పన్నెండో తారీఖు, పొద్దున తొమ్మిదిన్నరకి” అని జవాబొస్తే ఉత్తమం. అదే మాటను తిరిగి చదివి వినిపించి, గడీ చుట్టూ గీత గీసి, ఆ తర్వాతే “దానికేముంది” అనాలి. “అదే, మావాడిని కనుక్కుని చెప్తానండి” అని జవాబొస్తే మంత్రం పారలేదని దిగులుపడనక్కర్లేదు. అసలు ఎక్కువ ఫలం దానిదే. ఇంకా తేదీ లేదని రూఢి అయింది కదా. అప్పుడిక మూడు ఊళ్ళ చుట్టాలకు నాలుగు తేదీలు చెప్పే పని లేదు. వంటవాళ్ళకు ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే, ఇంకా కూరగాయలు కొని ఉండరు కాబట్టి, అడ్వాన్సు మరో కార్యానికి జమ వేసుకోమని చెప్పుకోవచ్చు.